పెనియాసిని కరిచిన పాము

పెనియాసి మా మేనమామ కొడుకు. నాకు బావ. మా కొండల్లో బావామరదళ్ళ నోటికి తాళం ఉండదు. ఎంత మాటైనా అనుకోవచ్చు, పదిమందిలో పరువు తీసుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్ళదే తప్పు. ఆ హక్కును నేను చిన్నప్పటినుంచీ కడుపునిండా వాడుకున్నాను. నా నోరు మంచిది కాదని మా అమ్మే నలుగురికీ చెప్పేది.

పెనియాసి మనిషి పొట్టి. మెడ లేదు. నడుస్తుంటే వెనకనుంచి చూసి ఆడవాళ్ళం నవ్వుకునేవాళ్ళం. చేతులు మాత్రం వెడల్పుగా, గోళ్ళలో ఎప్పుడూ మట్టితో, చూడగానే నమ్మకం కలిగేలా ఉండేవి. మా ఊళ్ళో ప్రతి మగాడికీ యంగోన తోట ఉంది. ఆ వేరు దంచి నీళ్ళలో కలిపి తాగకుండా మా దగ్గర పెళ్ళి జరగదు, చావు జరగదు, తగువు తీరదు. పెనియాసి తోట అందరికంటే పైన, మబ్బు దిగే చోట ఉండేది. మొక్క పీకే రోజున అతను గునపం వాడేవాడు కాదు. వేరు తెగుతుందని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మోకాళ్ళమీద కూర్చుని చేతులతోనే తవ్వేవాడు. అలా తవ్వేవాడికి బోలోలు దొరుకుతాయి.

బోలో అంటే పాము, మూరెడు కూడా ఉండదు. చిటికెన వేలంత లావు, నల్లటి వీపు. పిల్లగా ఉన్నప్పుడు తలమీద తెల్లటి పట్టీ ఉంటుంది, పెరిగేకొద్దీ అది మాసిపోతుంది. మట్టిలోనూ, బలబల అనే చెట్ల కుళ్ళిన మానుల్లోనూ ఉంటుంది. వానపాములు తిని బతుకుతుంది. ఒకసారి పట్నంనుంచి ఒకాయన గాజుసీసాలు పట్టుకుని వచ్చి, ఈ పాము ఈ దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదనీ, నాగుపాము కులమేననీ, విషం కూడా ఉందనీ, కాకపోతే నోరు మరీ చిన్నది గనక మనిషిని కరిచిన దాఖలా లేదనీ చెప్పాడు. మా పెద్దలు తలలూపి, ఆయన వెళ్ళాక నవ్వారు. అది మా వంశానికి తాత. తాత ఎవర్ని కరవాలో, ఎవర్ని కరవకూడదో సీసాల ఆయన చెప్పాలా?

పెనియాసి తనకు దొరికిన బోలోను దోసిట్లో పెట్టుకుని తోట అంచుకు తీసుకెళ్ళి, చేత్తోనే గుంట తీసి వదిలేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వందలు మోశాడో. ఒక్కటీ పన్ను ఆనించలేదు.

మా ఇంటి ఆడవాళ్ళకు ఒక పని ఉండేది. ఊళ్ళో ఎవరిమీదైనా పెద్ద నింద పడి, అవునో కాదో తేలకపోతే, బోలో చేత తేల్చేవాళ్ళు. తెల్లపట్టీ మాయని పిల్ల బోలోను వెతికి పట్టుకొచ్చి, లోతైన బుట్టలో కుళ్ళిన బలబల పొట్టు నింపి, అందులో దాన్ని వదిలి ఇవ్వడం మా పని. నింద పడినవాడు మోచేతిదాకా చెయ్యి పెడతాడు. పెద్ద మనిషి పది చప్పట్లు కొడతాడు. కరవకపోతే నింద పోయినట్టు. కలిసి యంగోన తాగుతారు. ఆపైన ఆ మాట ఎత్తినవాడికి జరిమానా. మా అమ్మ చేతులమీదుగా పదకొండు బుట్టలు వెళ్ళాయి, మా అమ్మమ్మ చేతులమీదుగా ఎన్నో తెలియదు. ఒక్కసారీ కరవలేదు. కరవదని అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ ముఖంలో కనిపించనివ్వరు. అంత మంచి ఆచారం అది.

మా అమ్మ నాకు నేర్పింది ఒక్కటే. పొట్టును పిడికెడు పిడికెడుగా తీసి, వేళ్ళతో నలిపి, జల్లించి మరీ బుట్టలో పోయాలి. ఆ మానుల్లో జెర్రులు కూడా ఉంటాయి. మా జెర్రులు జానెడుంటాయి. చీకట్లో, తడిలో చేతికి తగిలితే ఊరుకోవు.

"పాముని నమ్ము, పొట్టుని నమ్మకు," అనేది అమ్మ. అదే మాట వెయ్యిసార్లు.

పెనియాసి మా అక్కను చేసుకున్నాడు. మా అక్క పేరు ఉనైసి. నాకంటే రెండేళ్ళు పెద్దది, నాకంటే నెమ్మది, నాకంటే అన్నీ. వాళ్ళ పెళ్ళిలో నేను అందరికంటే ఎక్కువ నవ్వించాను. తొమ్మిదేళ్ళకు అక్క కాన్పులో బిడ్డతోపాటు పోయింది. పెనియాసి పట్టుబట్టి ఆమెను తోట గట్టుమీదే పూడ్చాడు. అది మా వంశపు నేలే గనక ఎవరూ అడ్డు చెప్పలేదు.

అప్పటినుంచి ఊరి ఆడవాళ్ళు నన్ను ఒకలా చూడటం మొదలుపెట్టారు. ఇక తోరిక వంతు అని. తోరిక అంటే నేను. నాకూ అలాగే అనిపించింది. ఎందుకు దాచాలి, నాకు అతను మా అక్క పెళ్ళికి ముందే కావాలి. మూడేళ్ళు ఎదురుచూశాను. కొబ్బరిపాలలో చేమాకు వండి రోజు విడిచి రోజు పంపేదాన్ని. తిని, గిన్నె తోమి, తిప్పి పంపేవాడు. ఒకరోజు కోత అయ్యాక అందరం కూర్చుని ఉన్నప్పుడు నేనే ఎత్తాను.

"ఏం బావా, నా వంట తినటమేనా, నన్ను ఇంట్లో పెట్టుకునేదేమన్నా ఉందా?"

"నువ్వొస్తే నీ నోటికి దడిసి నా తోటలో వానపాములన్నీ పారిపోతాయే. అప్పుడు నా బోలోలు ఏం తిని బతకాలి?"

"నన్ను తినమను."

"దానికే విషం ఎక్కుద్ది."

అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వులు సద్దుమణిగాక, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"తోరికా, మీ అక్క ఇంకా నా దగ్గరే ఉంది. ఇద్దర్ని నేను మొయ్యలేను."

ఎగతాళిగా అన్న మాటకు ఎగతాళిగా బదులివ్వొచ్చు. ఇది ఎగతాళి కాదు.

ఆ తర్వాతి నెలలో ఒక మధ్యాహ్నం ఉడికించిన కర్రపెండలం ఆకులో చుట్టుకుని తోటకు వెళ్ళాను. అతను గట్టుమీద అక్క సమాధి పక్కన కూర్చుని చిన్న చెక్కగిన్నెలో యంగోన కలుపుతున్నాడు. ఒకసారి చప్పట్లు కొట్టాడు. మొదటి కొబ్బరిచిప్ప నేలమీద పోశాడు. "ఉనైసీ, ఇది నీది," అన్నాడు. రెండో చిప్ప తను తాగాడు. మళ్ళీ ఒకటి ఆమెకు, ఒకటి తనకు. మధ్య మధ్య తోట సంగతులు చెబుతున్నాడు, ఏ మొక్కకు తెగులు వచ్చింది, ఏది ఈ ఏడు పీకాలి. నేను చెట్టు చాటున నిలబడి అంతా విన్నాను. నా మాట ఒక్కసారి కూడా రాలేదు. కర్రపెండలం అక్కడే పడేసి కిందికి దిగి వచ్చాను. 

మా దగ్గర యంగోన ఒంటరిగా ఎవరూ తాగరు. ఒక్కడే కలిపి నేలమీద పోసేవాడు దెయ్యానికి పోస్తున్నాడని, ఎవరి చావో కోరుతున్నాడని లెక్క. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పెనియాసికి తెలియదా? తెలుసు. తను చేసేది అది కాదు గదా అనుకున్నాడు. అమాయకులకు అదే రోగం, తమ మనసులో ఉన్నది ఎదుటివాళ్ళకు కూడా కనిపిస్తుందనుకుంటారు.

రెండు రోజుల తర్వాత చాపలు అల్లుతూ నేను నోరు జారాను. కాదు, జారలేదు. అందరూ వినేలా అన్నాను.

"మా బావకి కొత్త పెళ్ళాం దొరికిందిలే. పట్టపగలు కొండమీద దెయ్యంతో కలిసి యంగోన తాగుతున్నాడు. దానికో చిప్ప, తనకో చిప్ప."

ఆడవాళ్ళు నవ్వారు. మరదలు బావమీద వేసిన పరాచికం. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు, అప్పటికి.

వానాకాలం రాగానే ఊరి పెద్ద రాతు లెపాని మనవరాలికి జ్వరం వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. మూడో రోజుకు కళ్ళు పచ్చబడి ప్రాణం పోయింది. కిందినుంచి వచ్చిన నర్సు అది ఎలుకలు తొక్కిన నీళ్ళవల్ల వచ్చే జ్వరమని చెప్పింది. ఆ మాట చెప్పినందుకు ఆమెకు భోజనం కూడా సరిగ్గా పెట్టలేదు మా వాళ్ళు. పిల్ల పోతే ఎలుక పేరు చెబుతుందా? పిల్లను పూడ్చిన నాలుగో రోజున లెపాని భార్య మకెరెటా నన్ను ఇంటికి పిలిపించింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

"తోరికా, ఆ రోజు చాపల దగ్గర నువ్వో మాటన్నావు."

"ఎన్నో అంటానమ్మా నేను."

"పెనియాసి ఒక్కడే కూచుని పోస్తున్నాడన్నావు. నువ్వు చూశావా?"

"చూశాను."

అది నిజమే. చూశాను. ఎవరి పేరు చెప్పి పోశాడో కూడా విన్నాను. అది ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పెద్దామె ముఖం చూస్తే ఆ మాట ఎంత దూరం వెళుతుందో తెలిసిపోతూనే ఉంది. అయినా నోరు కదపలేదు. అతను ఒక్కసారి భయపడితే బాగుండుననిపించింది. భయపడి, దిగి వచ్చి, నా ఎదురుగా నిలబడి, తోరికా నువ్వే దిక్కు అంటే బాగుండుననిపించింది. నేనెలాంటిదాన్నో ఇప్పుడు మీకు తెలిసింది.

సభ పెట్టారు. పెనియాసి దేన్నీ కాదనలేదు.

"పోశాను. నా పెళ్ళానికి పోశాను."

"చచ్చినవాళ్ళకి చిప్ప ఇస్తే చచ్చినవాళ్ళు ఊరికే ఉంటారంట్రా?" అన్నాడు లెపాని.

"ఉనైసి ఎవరికీ కీడు చేసే మనిషి కాదు పెద్దయ్యా. మీకు తెలీదా?"

"బతికున్నప్పుడు తెలుసు."

బోలోను తెమ్మన్నారు. కరవకపోతే ఇంతటితో సరి, పిల్ల పేరెత్తి ఎవరూ పెనియాసిని ఏమీ అనకూడదు. కరిస్తే అతను ఊరు విడిచి పోవాలి. తోట పీకేస్తారు. మళ్ళీ ఈ కొండల్లో కాలు పెట్టకూడదు. చచ్చాక శవం కూడా రాకూడదు. ఆ చివరి మాట దగ్గర పెనియాసి తలెత్తి చూశాడు. అక్క పక్కన తనకోసం వదిలిపెట్టుకున్న చోటు అందరూ చూసిందే.

అయినా ఎవరికీ పెద్ద బెంగ లేదు. లెపానికే తగువు ముగించాలని ఉంది, కాబట్టే బోలో మాట ఎత్తాడు. సభ లేచాక పెనియాసి నా దగ్గరకు వచ్చాడు.

"ఏమే మరదలా, మంచి నికార్సైన పిల్లని పట్టుకురా. తెల్లపట్టీ మెరవాలి. నా చేతిని గుర్తుపట్టేది ఏదన్నా దొరికితే ఇంకా మంచిది."

"నీ చేతి కంపుకి అదే చస్తుంది."

"చావనియ్యకే. తాత చస్తే ఆ నింద కూడా నా నెత్తినే పెడతారు."

మర్నాడు తెల్లవారుతూనే వాన. చలి. పాము త్వరగానే దొరికింది, తెల్లపట్టీ వేసుకుని ముద్దుగా ఉంది. వంటపాక వెనక కూర్చుని పొట్టు జల్లించడం మొదలుపెట్టాను. పిడికెడు, పిడికెడు. సగం బుట్ట అయ్యింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంతా చేసి ఏమవుతుంది అనుకున్నాను. చెయ్యి పెడతాడు, తీస్తాడు, అందరితో తాగుతాడు, మళ్ళీ కొండెక్కి ఆమెకు చిప్ప పోస్తాడు. ఈ చలిలో నేనెందుకు చావాలి? మిగిలిన పొట్టు గోతంతోనే ఎత్తి బుట్టలో గుమ్మరించాను.

కావాలని చేశావా అని మీరు అడుగుతారు. లేదు. అందులో జెర్రి ఉందని తెలియదు. ఉండొచ్చని మాత్రం తెలుసు.

ఊరి మధ్య పచ్చికమీద అందరూ కూర్చున్నారు. వాన వెలిసింది. బుట్ట పెట్టి నేను ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. లెపాని తరఫున మాట్లాడే సవెనద ముందుకొచ్చి, తాతను పిలిచి, పెనియాసికి సైగ చేశాడు. పెనియాసి చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడిచెయ్యి బుట్టలో పెట్టాడు. నావైపు చూసి కన్ను కూడా గీటాడు.

ఒకటి. రెండు. మూడు. నాలుగో చప్పట్టు దగ్గర అతని భుజం అదిరింది. చెయ్యి తియ్యలేదు. పది కాకముందు తీసినవాడు దొంగ. ఐదు, ఆరు. ముఖం బూడిద రంగుకు తిరిగింది, పెదవులు బిగుసుకున్నాయి. నుదుటిమీద చెమట కారి ముక్కు కొసన బొట్టుగా నిలిచింది. సవెనద ఏడు, ఎనిమిది మెల్లగా కొట్టాడు, మామూలుగా కొట్టేదానికంటే మెల్లగా. అంతా అయిందనుకున్నాడో ఏమో పాపం, గౌరవంగా ముగిద్దామనుకున్నాడు. పది అయ్యాక పెనియాసి చెయ్యి బయటికి తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు ఎర్రటి చుక్కలు. చూస్తుండగానే చెయ్యి పొంగుతోంది.

 ఇప్పుడేం చెయ్యాలో ఎవరికీ తెలియదు, ఎన్నడూ జరగలేదు గదా. పెనియాసే తన చెయ్యిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు.

"కరిచింది," అన్నాడు. "తాత కరిచాడు నన్ను."

ముప్ఫై ఏళ్ళు వాటిని దోసిట్లో మోసినవాడు. అతనే నమ్మాడు. ఇక ఊరికేం?

మొదట మకెరెటా లేచి అతని ముఖంమీద ఉమ్మేసింది. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. సొంత పినతండ్రులు చొక్కా పట్టి నేలమీదికి లాగారు. ఆ వాచిన చేతిని ఎవరో పాదంతో తొక్కారు, ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కొందరు కొండెక్కారు తోట పీకడానికి. పిల్లలు రాళ్ళు ఏరుతున్నారు. మా ఊరివాళ్ళు నవ్వుముఖాలవాళ్ళని బయటివాళ్ళు మెచ్చుకుంటారు. ఆ రోజు కూడా కొందరు నవ్వుతూనే ఉన్నారు.

బుట్ట తీసుకెళ్ళి పామును వదలడం నా పని. వంటపాక వెనక బుట్ట బోర్లించాను. బోలో అడుగున చుట్టచుట్టుకుని, తల దాచుకుని ఉంది. పైన పొట్టులోంచి జానెడు జెర్రి, ఎర్రకాళ్ళది, జరజరా పాక్కుంటూ బయటికొచ్చింది. నేను అరిచేలోగా మా కోడిపెట్ట దాన్ని ముక్కున కరుచుకుని, రెండుసార్లు నేలకు కొట్టి, పరుగెత్తుకుపోయింది.

పాక అవతల, ఇరవై అడుగుల దూరంలో అతన్ని కొడుతున్నారు. నేను వెళ్ళి జెర్రి అని ఒక్క మాట అంటే చాలు. వాచిన చెయ్యి చూస్తేనే పెద్దవాళ్ళకు తెలిసిపోతుంది, జెర్రి కుట్టనివాళ్ళెవరు మా ఊళ్ళో? ఆ తర్వాత అందరూ నావైపు తిరిగి, బుట్ట ఎవరు నింపారని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు వినబడింది, అడగకముందే. పొట్టును చెయ్యి పెట్టి చదును చేశాను. చేతులు కడుక్కున్నాను.

ఊరు దాటించేముందు పెనియాసి ఒకటే అడిగాడు, ఒక్కసారి గట్టుదాకా వెళ్ళొస్తానని. లెపాని మెత్తబడ్డాడు. అయితే ఆ సమాధి మా ఇంటి ఆడపడుచుది, మా అమ్మ అప్పటికే లేదు. కాబట్టి మాట నేను చెప్పాలి.

"ఏమంటావు తోరికా? ఒకసారి చూసుకుని పోతానంటున్నాడు."

పెనియాసి నన్నే చూస్తున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది.

ఇంకా ఆమె దగ్గరికే వెళ్తానంటున్నాడు, ఇంత అయ్యాక కూడా. "వద్దు," అన్నాను. "మా అక్క దగ్గరికి వాడు రాకూడదు."

అతను తల దించుకున్నాడు. అంతే. వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కొండ దిగాడు.

బోలోను నేను వదలకముందే వాళ్ళు అడిగి తీసుకున్నారు. దానికి మాత్రం మహారాజ మర్యాదలు జరిగాయి. నిజం చెప్పిన తాత అని మా దగ్గర పెద్దలకిచ్చే కానుక తిమింగలం పన్ను ఎదురుగా పెట్టి, యంగోన పోసి, చేతినుంచి చేతికి మార్చి మార్చి చూసుకుని, సాయంత్రానికి చంపేశారు. ఎవరూ చంపాలని చంపలేదు. అంత చిన్న ప్రాణి ఎంత ముద్దు భరిస్తుంది? ఆ తర్వాత మా ఊళ్ళో ఇంకెవరూ బుట్టలో చెయ్యి పెట్టడానికి ఒప్పుకోలేదు. కరుస్తుందని తేలింది గదా. తగువులు తీరకుండా అలాగే ఉండిపోయాయి. అన్నదమ్ములు పిల్లల కాలం దాకా మాట్లాడుకోవడం మానేశారు. నాకు మాత్రం గౌరవం పెరిగింది, కరిచే పామును తెచ్చినదాన్ని గదా.

ఇరవై రెండేళ్ళ తర్వాత కంటికి పొర వచ్చి కింద నవువా పట్నంలో ఆసుపత్రికి దిగాను. బజారులో చేమదుంపల వరస దగ్గర ఎవరో "మరదలా" అన్నారు. మెడ లేని మనిషి. జుట్టంతా తెలుపు. ఒక భారతీయ రైతు వరిపొలంలో పని చేస్తూ, అతని కొట్టంలోనే ఉంటున్నాడట. కుడిచేతి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. నన్ను తిట్టలేదు. ఊళ్ళో ఎవరెవరు ఉన్నారు, ఎవరు పోయారు అని అడిగాడు. కొట్టానికి తీసుకెళ్ళి టీ కాచి ఇచ్చాడు. ఆ తర్వాత, వర్షం సంగతి మాట్లాడినట్టు మామూలుగా చెప్పాడు.

"రోజూ ఆలోచిస్తా తోరికా. పోసేటప్పుడు నా మనసులో ఏముందో గుర్తు తెచ్చుకుంటా. ఆ పిల్లమీద నాకేం కోపం లేదు. కానీ ఎక్కడో ఏదో చెడు ఉండే ఉంటది. లేకపోతే అది నన్నెందుకు కరుస్తది?"

 అతని మీద జాలితో చెప్పానని అనుకోకండి. ఆ బరువు నేను మోయలేక, అతని ముందు దించేశాను.

"పాము కాదు బావా. జెర్రి."

"ఏంటి?"

"బుట్టలో జెర్రి ఉంది. పొట్టు సరిగ్గా జల్లించలేదు నేను. నిన్ను కుట్టింది అదే."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"అప్పుడే."

"వాళ్ళు నన్ను కొడతన్నప్పుడా?"

"అవును."

లేచి నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ముడుచుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని నిమిరాడు. "అయితే నేను చంపలేదన్నమాట," అన్నాడు. "ఆ పిల్లని నేను చంపలేదన్నమాట." అలా నాలుగైదుసార్లు అన్నాడు. ముసలి ముఖంమీద కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"తోరికా, శుక్రవారం లారీ ఉంది కదా. నేనూ వస్తా. అందరి ముందూ ఇదే మాట చెప్పు. వాళ్ళు నాకేం ఇవ్వక్కర్లేదు, తోటా వద్దు, ఇల్లూ వద్దు. నన్ను ఉనైసి పక్కన పెడితే చాలు."

"చెబుతాను."

"నిజంగానా?"

"ఒట్టు బావా."

అతను నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను గురువారం లారీకి ఎక్కి వచ్చేశాను.

కారణాలు చెప్పమంటే చెబుతాను. లెపాని పోయాడు గానీ మకెరెటా ఉంది, ఆదివారం ప్రార్థనలో నా పక్కనే కూర్చుంటుంది, చలికాలంలో నా మోకాళ్ళకు తనే నూనె రాస్తుంది. ఊళ్ళో చిన్నవాళ్ళు నన్ను చూస్తే పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. ఈ వయసులో అదంతా పోగొట్టుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. ఇవి కారణాలు. వీటిని అతని ముడుచుకున్న వేళ్ళ పక్కన పెట్టి చూస్తే ఎంతున్నాయో నాకూ కనిపిస్తుంది.

లారీ నడిపే ఇనోకె ఆ శనివారం మా ఇంటికొచ్చాడు.

"పెద్దమ్మా, నవువాలో ఒక ముసలాయన నీకోసం కాసుకుని ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని, మూట పట్టుకుని తెల్లారేసరికే వచ్చేశాడు. నువ్వు లేకుండా లారీ ఎక్కకూడదంట. బండి కదిలేదాకా నిలబడే ఉన్నాడు."

"ఎవరో పిచ్చోడు."

తర్వాతి శుక్రవారం కూడా వచ్చాడట. ఆ తర్వాతిదీ. నాలుగో వారం ఇనోకె విసుక్కున్నాడు.

"వారంవారం నాకీ బాధేంటి పెద్దమ్మా. ఆయనకేం చెప్పమంటావో చెప్పెయ్. వాన్లో తడిసి వణికిపోతున్నాడు."

నేను చేమదుంప చెక్కుతున్నాను. చెక్కుతూనే చెప్పాను.

"తోరిక చచ్చిపోయిందని చెప్పు."

"అదేం మాట పెద్దమ్మా."

"చెప్పరా. కంటి ఆపరేషన్ వికటించి పోయిందని చెప్పు. ఇంక రాడు."

ఇనోకె చెప్పాడు. బావ మళ్ళీ రాలేదు, శుక్రవారం లారీ దగ్గరికి. రెండు వారాల తర్వాత ఇనోకె మా గుమ్మం ముందు బండి ఆపి, ముఖం పక్కకు తిప్పుకుని ఒక మూట దించాడు. లోపల కొత్త చాప, దానిలో పాత కాగితంలో చుట్టిన యంగోన వేర్లు. చావు జరిగిన ఇంటికి బంధువులు పంపేవి. పెనియాసి తను రాకూడదు గనక పంపాడట, తోరిక దగ్గరివాళ్ళ చేతికి ఇమ్మన్నాడట.

నాకు దగ్గరివాళ్ళెవరూ లేరు. నేనే అందుకున్నాను.